పాత ఓపెన్‌స్టాక్‌ని కొత్త పైథాన్ మీదికి ఎక్కించమంటున్నారు, ఏం చేయను?

ప్రశ్న: అన్నా, హైదరాబాద్‌లో ఒక చిన్న హోస్టింగ్ కంపెనీలో చేస్తున్నాను. మా దగ్గర ఉబుంటు 22.04 మీద ఓపెన్‌స్టాక్ (సొంత క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్) యోగా విడుదల నడుస్తోంది, కింద పైథాన్ 3.10. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు 3.10కి మద్దతు 2026 అక్టోబర్‌తో అయిపోతుందని రిపోర్టులో రాసిపెట్టారు. మా మేనేజర్ గారు దాన్ని పట్టుకుని, సర్వర్లన్నీ 24.04కి మార్చేసి ఇదే యోగా పైథాన్ 3.12 మీద నడిచేలా మనమే ప్యాకేజీలు కట్టుకుందాం, నెలలో అయిపోవాలి అంటున్నారు. అది కుదరకపోతే అంతా పిప్‌తో (పైథాన్ సొంత ఇన్‌స్టాలర్) వేసేయమంటున్నారు. దీనికితోడు మా పాత స్టోరేజీ బాక్స్ కోసం ఇదివరకు ఇక్కడ పనిచేసి వెళ్ళిపోయినాయన రాసిన సిండర్ (ఓపెన్‌స్టాక్‌లో స్టోరేజీ చూసుకునే భాగం) డ్రైవర్ ఒకటి ఉంది, అదీ నా నెత్తినే పడింది. నా ల్యాప్‌టాప్‌లో 3.12 మీద దాని టెస్టులు పాసవుతున్నాయి, 24.04 టెస్ట్ సర్వర్‌లో దాని డెబ్ (ఉబుంటు ప్యాకేజీ ఫైలు) వేయబోతే మాత్రం పైథాన్3-డిస్ట్‌యుటిల్స్ అనే ప్యాకేజీ దొరకడం లేదని ఆగిపోతోంది. ప్యాకేజింగ్ నాకు కొత్త, చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు ఉబుంటు వదిలేసి డెబియన్ 13కి పోతే మేలా?

జవాబు: తమ్ముడూ, యోగాని 3.12 మీదికి తెచ్చే పని ఇవాళే ఆపెయ్. నీకు చేతకాదని కాదు, నెల కాదు కదా ఆరు నెలలిచ్చినా చివరికి చేతిలో మిగిలేది ప్రపంచంలో ఇంకెవరూ వాడని ఒక ఓపెన్‌స్టాక్, దానికి ఏ రాత్రి ఏమైనా ఫోను నీకే వస్తుంది. నువ్వు నిజంగా ప్యాకేజీ కట్టాల్సింది ఒక్కటే ఉంది, ఆ సిండర్ డ్రైవర్. మిగతాదంతా ఇప్పటికే ఎవరో కట్టిపెట్టారు, వాళ్ళు కట్టిన చోటికి నువ్వు నడిచి వెళ్ళాలి, అంతే.

ఎందుకో చెప్తా. యోగా విడుదలైంది 2022 మార్చిలో, పైథాన్ 3.12 వచ్చింది 2023 అక్టోబర్‌లో. యోగా రాసినప్పుడు 3.12 అనేదే లేదు. పైనుంచి చూసేవాళ్ళకి నోవా, న్యూట్రాన్, సిండర్, గ్లాన్స్, కీస్టోన్ అనే సర్వీసులు, ఇంతే కదా అనిపిస్తుంది. ఓపెన్‌స్టాక్ రిక్వైర్‌మెంట్స్ రిపోజిటరీలో అప్పర్ కన్‌స్ట్రెయింట్స్ అనే ఫైలుంటుంది, ఒకసారి తెరిచి చూడు. ఆ విడుదలని ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌తో కలిపి పరీక్షించారో వరసగా ఉంటుంది, వందల లైన్లు. నీ తలనొప్పి నోవా కోడ్‌లో కాదు, ఆ వందల లైన్లలో ఉంది.

అందులో అన్నిటికన్నా మొండిది ఈవెంట్‌లెట్, ఒకేసారి చాలా పనులు నడిపే లైబ్రరీ. అది పైథాన్ సొంత లైబ్రరీలైన సాకెట్, థ్రెడింగ్, ఎస్‌ఎస్‌ఎల్ వగైరాలని నడుస్తుండగానే మార్చేసి, వాటి చోట తన సొంతవి కూర్చోబెడుతుంది. పైథాన్ లోపల ఏ చిన్నది కదిలినా ముందు దెబ్బ తినేది అదే. 3.12లో ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ నుంచి పాత ర్యాప్ సాకెట్ ఫంక్షన్ తీసేశారు, యోగా కాలం నాటి ఈవెంట్‌లెట్ అక్కడే పడుతుంది. సరే, కొత్త ఈవెంట్‌లెట్ తెచ్చి కింద పెడదాం అంటావు. దానికి తగ్గట్టు కొన్ని ఓస్లో లైబ్రరీలు (ఓపెన్‌స్టాక్ సర్వీసులన్నీ పంచుకునేవి) పెంచాలి, అవి పెంచితే యోగా సర్వీసుల్లో టెస్టులు పడతాయి, వాటికి ప్యాచ్‌లు ఏరుకొచ్చి వెనక్కి అతికించాలి, ఇలా తవ్వుకుంటూ పోతే కొన్నాళ్ళకి నీ దగ్గర ఉన్నది యోగా పేరు పెట్టుకున్న కరాకల్ (తర్వాతెప్పుడో వచ్చిన విడుదల) అవుతుంది. ఆ మాత్రానికి అసలు కరాకల్‌కే పోవచ్చుగా? పైగా 2023లో ఆ ఈవెంట్‌లెట్‌ని చూసుకునేవాళ్ళే కరువైతే ఓపెన్‌స్టాక్ వాళ్ళే భుజాన వేసుకుని, మెల్లగా దాన్ని పూర్తిగా వదిలించుకోవాలని నిర్ణయించుకున్నారు. అంత పెద్ద సమూహం వదిలించుకోవాలనుకుంటున్న దాన్ని నువ్వొక్కడివీ పాత విడుదలలో నిలబెట్టడానికి కూర్చోవద్దు.

ఇక పిప్. మేనేజర్ గారికి ఇది చూపించు. ఉబుంటులో డెబ్ ద్వారా వచ్చే పైథాన్ కోడ్ యూఎస్‌ఆర్ లిబ్ కింద పైథాన్3 అనే ఫోల్డర్‌లో పడుతుంది, గమనించు, 3 మాత్రమే, 3.10 కాదు. సుడోతో పిప్ వేస్తే యూఎస్‌ఆర్ లోకల్ లిబ్ కింద పైథాన్3.10 అనే ఫోల్డర్‌లో పడుతుంది. రెండు గొడవలు. ఒకటి, వెతికే వరసలో లోకల్‌దే ముందు, కాబట్టి పిప్ ఏ ఓస్లో లైబ్రరీ కొత్తది లాక్కొచ్చినా అది ఉబుంటు ఇన్‌స్టాలర్ ఆప్ట్ వేసిన దాన్ని కప్పేస్తుంది, ప్యాకేజీల లెక్క ఉంచే డీపీకేజీని అడిగితే మాత్రం అంతా సవ్యంగా ఉందనే చెప్తుంది. రెండు, సిస్టమ్ పైథాన్ 3.12 అయిన రోజున ఆ 3.10 ఫోల్డర్ వైపు ఎవరూ చూడరు, నిన్నటిదాకా నడిచిన మాడ్యూల్ ఇవాళ లేదంటుంది. ఇలా చాలామంది చేతులు కాల్చుకున్నాకే 23.04 నుంచి ఉబుంటు, 12 నుంచి డెబియన్, పిప్‌ని సిస్టమ్ పైథాన్ జోలికి రానివ్వకుండా అడ్డుకుంటున్నాయి. బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ ఇస్తే వదిలేస్తుంది, నిజమే, ఆ ఆప్షన్ పేరులోనే ఏం జరగబోతోందో రాసిపెట్టారు.

మరి దారి ఏంటంటే, పైథాన్‌నీ ఓపెన్‌స్టాక్‌నీ ఒకే రోజు మార్చకు. ఉబుంటు క్లౌడ్ ఆర్కైవ్ అని ఒకటుంది, 22.04 మీదే ఉండి కొత్త ఓపెన్‌స్టాక్ విడుదలలు వాడుకోవడానికి. ముందు 22.04 మీదే, పైథాన్ 3.10 మీదే, యోగా నుంచి జెడ్, అక్కణ్ణుంచి యాంటెలోప్, అక్కణ్ణుంచి నేరుగా కరాకల్. మధ్యలో బాబ్‌క్యాట్ దిగనక్కర్లేదు, యాంటెలోప్ నుంచి కరాకల్‌కి ఒకటి దాటి దూకడాన్ని ఓపెన్‌స్టాక్ వాళ్ళే పరీక్షించి మద్దతిచ్చారు. ప్రతి మెట్టు దగ్గరా నోవా, సిండర్‌ల ఆన్‌లైన్ డేటా మైగ్రేషన్లు (పాత డేటాని కొత్త రూపానికి మార్చడం) పూర్తయ్యాయో లేదో చూసుకునే తర్వాతి మెట్టు ఎక్కు, తొందరలో అందరూ ఎగ్గొట్టేది ఇదే. కరాకల్ మీద కొన్నాళ్ళు నిలకడగా నడిచాక అప్పుడు ఒక్కో నోడ్‌నీ 24.04కి మార్చు. ఎందుకంటే 24.04 తనంతట తానే ఇచ్చే ఓపెన్‌స్టాక్ కూడా కరాకలే. అంటే ఓపెన్‌స్టాక్ అదే, కింద పైథాన్ 3.10 పోయి 3.12 వస్తుంది. ఏదైనా విరిగితే పైథాన్ వల్లే విరిగిందో, ఓపెన్‌స్టాక్ వల్ల విరిగిందో అని కొట్టుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి. కరాకల్‌కి ఓపెన్‌స్టాక్ వాళ్ళు తప్పనిసరిగా పరీక్షించిన పైథాన్ జాబితా 3.11 దగ్గరే ఆగింది. అయినా 24.04లో అది 3.12 మీద నడుస్తోంది. ఆ తేడా ఎక్కడిదనుకున్నావ్? ఉబుంటు ప్యాకేజింగ్ వాళ్ళు కూర్చుని ఒక్కొక్క టెస్టు పడినచోటల్లా ప్యాచ్ పెట్టుకుంటూ పోయిన పని అది. నువ్వు యోగాకి చేద్దామనుకున్నది సరిగ్గా ఇదే, కాకపోతే వాళ్ళది దాని కోసమే ఉన్న టీమ్.

24.04కి మారేటప్పుడు పైథాన్ ఒక్కటే మారదని మర్చిపోకు. సర్వీసుల మధ్య సందేశాలు మోసే రాబిట్‌ఎంక్యూ 22.04లో 3.9, 24.04లో 3.12 (ఇది పైథాన్ నంబర్ కాదు), వాటి మధ్య నేరుగా దూకుడు పనికిరాదు, మధ్య వెర్షన్ల మీదుగా పోవాలి, లేదంటే పక్కన కొత్త క్లస్టర్ కట్టి సర్వీసులని దానికి తిప్పాలి. మీలాంటి చిన్న చోట నేనైతే రెండోదే చేస్తాను. కంప్యూట్ నోడ్లలో వీఎంలని నడిపే క్యూఈఎంయూ కూడా మారుతుంది, వీఎంలని పాత నోడ్ నుంచి కొత్త నోడ్‌కి లైవ్ మైగ్రేట్ చేయడం వరకూ ఫర్వాలేదు, మళ్ళీ వెనక్కి తేవచ్చన్న ధీమా మాత్రం పెట్టుకోకు.

ఇప్పుడు నీ అసలు పని, డ్రైవర్. డెబ్ ఎందుకు పడట్లేదో తేలికే. పైథాన్‌తోనే వచ్చే డిస్ట్‌యుటిల్స్ అనే పాత ప్యాకేజింగ్ మాడ్యూల్‌ని 3.12 నుంచి పూర్తిగా తీసేశారు, కాబట్టి 24.04లో పైథాన్3-డిస్ట్‌యుటిల్స్ అనే ప్యాకేజీయే లేదు. నీ ముందున్నాయన ప్యాకేజీ కంట్రోల్ ఫైల్లో డిపెండ్స్ (ముందుగా కావలసినవి) కింద దాన్ని రాశాడు. ఆ పేరు కొట్టేస్తే డెబ్ దిగుతుంది, అయితే అక్కడ ఆగిపోయావో, దొంగ లోపలే ఉన్నట్టు. ల్యాప్‌టాప్‌లో టెస్టులు ఎందుకు పాసవుతున్నాయో ఆలోచించావా? సెటప్‌టూల్స్ అనే ప్యాకేజింగ్ లైబ్రరీ తన లోపల డిస్ట్‌యుటిల్స్ కాపీ ఒకటి దాచుకుని ఉంటుంది. అది ఉన్న చోట 3.12లో కూడా డిస్ట్‌యుటిల్స్ ఇంపోర్ట్ అయిపోతుంది. టెస్టుల కోసం నువ్వు వేసుకున్న వాటిలో ఏదో ఒకటి సెటప్‌టూల్స్‌ని లాక్కొచ్చి ఉంటుంది. ప్యాకేజీ కట్టే చోటా అది ఎలాగూ ఉంటుంది. అంటే ల్యాప్‌టాప్‌లో పచ్చ, బిల్డ్‌లో పచ్చ, అది లేని సర్వర్‌లో ఎర్ర. పోనీ డిపెండ్స్‌లో సెటప్‌టూల్స్ పెట్టేసి చేతులు దులుపుకుందామా అనిపిస్తుంది. వద్దు, కోడ్ మార్చు.

సిండర్ డ్రైవర్‌లో డిస్ట్‌యుటిల్స్ వాడారంటే దాదాపుగా లూజ్‌వెర్షన్ (వెర్షన్ నంబర్లు పోల్చేది) కోసమే అయ్యుంటుంది, బాక్స్ ఫర్మ్‌వేర్ ఫలానా వెర్షన్ కన్నా పైనుంటేనే ఫలానా ఫీచర్ ఆన్ చెయ్ అని. దాని బదులు ప్యాకేజింగ్ లైబ్రరీలోని వెర్షన్ పెట్టుకోమని అందరూ చెప్తారు, నేనూ అదే చెప్తా, కానీ ఒక చిక్కుంది. లూజ్‌వెర్షన్ ఏ చెత్త ఇచ్చినా మింగేస్తుంది. ప్యాకేజింగ్ వెర్షన్‌కి పైథాన్ వెర్షన్ నియమాలు కచ్చితంగా కావాలి. మీ బాక్స్ తన ఫర్మ్‌వేర్‌ని '8.1.0P4' అని చెప్పుకుంటే ఇన్‌వాలిడ్‌వెర్షన్ అని అక్కడికక్కడే విసిరేస్తుంది. టెస్టుల్లో నీ ముందున్నాయన శుభ్రంగా '8.1.0' అని రాసి ఉంటాడు, అవి పాసవుతాయి, అసలు బాక్స్ తగిలిన రోజున సిండర్ వాల్యూమ్ సర్వీసు డ్రైవర్‌ని లేపలేదు. అందుకని మీ బాక్సులన్నీ నిజంగా ఏమని జవాబిస్తున్నాయో లాగ్స్‌లోంచి తీసి, అవే వెర్షన్ పేర్లని టెస్టుల్లో పెట్టు. అంకెల భాగం కోసి పోల్చే చిన్న ఫంక్షన్ సొంతంగా రాసుకున్నా తప్పు లేదు, పది లైన్ల పని.

టెస్టుల గురించే ఇంకోటి. ఫైళ్ళ పైన విడిగా వేసుకునే పాత మాక్ (టెస్టుల్లో అసలు వాటి బదులు నకిలీవి పెట్టే) లైబ్రరీని ఇంపోర్ట్ చేస్తున్నారేమో చూడు. చేస్తుంటే పైథాన్‌తో వచ్చే యూనిట్‌టెస్ట్ మాక్‌కి మార్చు. మార్చగానే కొన్ని టెస్టులు పడితే కంగారుపడకు, సంతోషించు. మాక్ ఆబ్జెక్ట్ మీద అసర్ట్ కాల్డ్ వన్స్ అని రాయాల్సిన చోట కాల్డ్ వన్స్ అని రాస్తే, పాత రోజుల్లో మాక్ దాన్నీ ఒక కొత్త మాక్ అనుకుని ఊరుకునేది, టెస్టు ఏమీ పరీక్షించకుండానే పాసయ్యేది. 3.12 నుంచి అలాంటివి గుర్తుపట్టి ఇది చెల్లదు అంటోంది. అంటే ఇన్నేళ్ళూ ఆ టెస్టు ఉండీ లేనట్టే. వాటిని ఒక్కొక్కటీ సరిచేస్తే డ్రైవర్‌లో అసలు బగ్గులు ఒకటో రెండో బయటపడొచ్చు, నీ ముందున్నాయన్ని తిట్టుకోకు, ఓపెన్‌స్టాక్‌లోని పెద్ద ప్రాజెక్టుల్లోనూ ఇవే దొరికాయి. ప్లెయిన్ యూనిట్‌టెస్ట్ వాడుతుంటే చివర ఎస్ ఉన్న అసర్ట్ ఈక్వల్స్ కూడా 3.12లో పోయింది, ఆ ఒక్క అక్షరం కొట్టేస్తే సరి.

ప్యాకేజీ కట్టడం నువ్వు భయపడుతున్నంత లేదు. డెబియన్ ఫోల్డర్‌లో కంట్రోల్, రూల్స్, ఛేంజ్‌లాగ్ మూడూ సరిగా ఉంటే డీహెచ్ పైథాన్, పైబిల్డ్ అనే టూల్స్ మిగతాది చూసుకుంటాయి. మొదట ఇరుక్కునేది పీబీఆర్ (ఓపెన్‌స్టాక్ వాళ్ళ బిల్డ్ లైబ్రరీ) దగ్గర. అది వెర్షన్ నంబర్‌ని గిట్ ట్యాగ్ నుంచి తీసుకుంటుంది, డెబ్ కట్టే చోట గిట్ ఉండదు, అప్పుడు వెర్షన్ కనుక్కోలేకపోతున్నానని ఒక పేద్ద ఎర్రర్ ఇచ్చి పడిపోతుంది. రూల్స్ ఫైల్లో పీబీఆర్ వెర్షన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో నంబర్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చెయ్, ఛేంజ్‌లాగ్ నుంచి దానంతటదే తీసుకునేలా రాస్తే ఇంకా మేలు.

రెండోది చాలామందికి ఏళ్ళ తరబడి తెలియనిది. సిండర్ డెబ్ వెర్షన్ ఎప్పుడైనా పూర్తిగా చూశావా? కరాకల్‌ది 24తో మొదలవుతుంది, కానీ దాని ముందు '2:' అని ఉంటుంది, దాన్ని ఎపాక్ అంటారు. నీ కంట్రోల్‌లో పైథాన్3-సిండర్ 24.0.0 లేదా ఆపైన కావాలి అని మాత్రమే రాస్తే, అది ఎపాక్ సున్నా కింద లెక్క. 2 ఎపాక్ ఉన్న ఏ సిండరైనా దానికన్నా పెద్దదే, యోగా నాటి 2:20.0.0తో సహా. అంటే నువ్వు పెట్టిన షరతు ఎప్పుడూ ఎవరినీ ఆపదు, ఊరికే అలంకారం. '2:24.0.0' అని రాయి.

బిల్డ్ మాత్రం నీ ల్యాప్‌టాప్ మీద చేయకు. ఎస్‌బిల్డ్ అనే టూల్‌తో శుభ్రమైన 24.04 క్రూట్‌లో (విడిగా ఉండే ఖాళీ సిస్టమ్) కట్టు, అక్కడ నువ్వు రాసినవి తప్ప ఇంకేమీ ఉండవు. అదొక్కటీ చాలదు, ఇందాక చెప్పినట్టు కట్టేచోట సెటప్‌టూల్స్ ఉంటుంది కాబట్టి. ఆటోప్యాకేజీటెస్ట్ ఒకటి పెట్టు, ఖాళీ మెషీన్‌లో డెబ్ వేసి, డ్రైవర్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి చూస్తే చాలు, రెండు లైన్లు. ఆ తర్వాత అసలు బాక్స్‌కి తగిలించి ఓపెన్‌స్టాక్ టెస్టుల సెట్ టెంపెస్ట్‌లోని వాల్యూమ్ టెస్టులు నడుపు. ఇదే సోర్స్‌ని 22.04కి కూడా కట్టి ఉంచుకో, ఎందుకంటే మధ్యలో కొన్నాళ్ళు నీ దగ్గర రెండు రకాల నోడ్లూ ఉంటాయి. కోడ్ 3.10 మీదా 3.12 మీదా రెండిటిలోనూ నడవాలి, ఇది షరతుగా పెట్టుకో, 3.12లో మాత్రమే ఉన్న కొత్త సరదాలు వాడకు.

డ్రైవర్ కాకుండా ఉబుంటు కట్టిన సర్వీసులోనే ఎక్కడైనా 3.12 వల్ల పగిలింది కనిపిస్తే, దాన్ని మీ సర్వర్‌లో ఫైలు ఎడిట్ చేసి ఊరుకోవద్దు. తర్వాతి అప్‌డేట్ దాన్ని తుడిచేస్తుంది. లాంచ్‌ప్యాడ్‌లో (ఉబుంటు బగ్గుల సైట్) బగ్ వేసి, ఓపెన్‌స్టాక్ గెరిట్‌లో (కోడ్ మార్పులు పరిశీలించే సైట్) ఇప్పటికే సరిచేశారేమో వెతుకు. చాలాసార్లు తర్వాతి విడుదలలైన డాల్మేషియన్‌లోనో ఎపాక్సీలోనో ఆ ప్యాచ్ ఉండనే ఉంటుంది, వెనక్కి తెమ్మని అడగడమే నీ వంతు.

కంటైనర్ల సంగతి నువ్వు అడగలేదు గానీ చెప్తా. కోల్లా (ఓపెన్‌స్టాక్‌ని కంటైనర్లుగా ఇచ్చేది) ఇమేజ్‌లు వాడితే హోస్ట్ మీద ఏ పైథాన్ ఉందన్నది సర్వీసులకి పట్టదు, వాటి పైథాన్ వాటి లోపలే ఉంటుంది. ప్యాకేజింగ్ చూసుకోవడానికి ఒక్కడివే ఉన్నావంటే ఇది సోమరితనం కాదు, తెలివైన పనే. కానీ డెబ్‌ల మీద నడుస్తున్న క్లౌడ్‌ని కంటైనర్లకి మార్చడం దానికదే పెద్ద ప్రాజెక్ట్, ఈ అప్‌గ్రేడ్‌తో కలిపి నెత్తికెత్తుకోకు.

మేనేజర్ గారితో మాట్లాడేటప్పుడు ఆడిట్ కాగితం నుంచే మొదలుపెట్టు. 2026 అక్టోబర్ అన్నది పైథాన్ వాళ్ళు 3.10ని వదిలేసే తేదీ. ఉబుంటు 22.04లోని పైథాన్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇచ్చేది ఉబుంటు, ఆ విడుదలకి మామూలు మద్దతే 2027 దాకా ఉంది. ఈ మాట రాతపూర్వకంగా ఆడిటర్‌కి పంపమను, వాళ్ళు స్కానర్ చూపించిన లైను రాశారు తప్ప మీరు నెలలో మార్చి తీరాలని ఎక్కడా రాసి ఉండరు. అసలు ఆడిటర్ పట్టుకోవాల్సింది ఓపెన్‌స్టాక్ ఇంకా యోగా దగ్గరే ఉండిపోవడాన్ని, అది ఆయన స్కానర్‌కి కనపడలేదు. ఆ మాట నువ్వే చెప్పు, కరాకల్‌కి పోవడానికి కావలసిన సమయం నీకు దాంతోనే దొరుకుతుంది. నెలలో ఏదో ఒకటి చూపించాలంటే డ్రైవర్‌ని చూపించు, 3.10, 3.12 రెండిటి మీదా టెస్టులు పాసైన డెబ్. అది నెలలో అవుతుంది.

చివరగా డెబియన్ 13. మంచి సిస్టమే, ఎపాక్సీ ఇస్తుంది, ప్యాకేజీలు చక్కగా చూసుకుంటారు. కానీ అక్కడ పైథాన్ 3.13. ఆ వెర్షన్‌లో టెల్‌నెట్‌లిబ్, సీజీఐ, క్రిప్ట్, పైప్స్ లాంటి పాత మాడ్యూళ్ళు ఒకేసారి 19 తీసేశారు. పాత స్టోరేజీ బాక్స్ అన్నావు కాబట్టి ముందు డ్రైవర్‌లో టెల్‌నెట్‌లిబ్ (పాత టెల్‌నెట్ పద్ధతిలో బాక్స్‌తో మాట్లాడే మాడ్యూల్) ఉందేమో ఒక్కసారి గ్రెప్ కొట్టి చూడు. ఉందంటే అక్కడ డిస్ట్‌యుటిల్స్ కన్నా పెద్ద పనే, బాక్స్ ఎస్‌ఎస్‌హెచ్ ఒప్పుకుంటుందో లేదో కంపెనీ మాన్యువల్ తీసి చూడాల్సి వస్తుంది. లేకపోయినా సరే, డిస్ట్రో మార్చడం, ఓపెన్‌స్టాక్ మార్చడం, పైథాన్ మార్చడం మూడూ ఒకే ముహూర్తానికి పెట్టుకోవద్దు. కరాకల్‌తో 24.04 మీద కూర్చున్నాక, అప్పటికీ డెబియన్ మీద మనసుంటే మళ్ళీ రాయి.